లైసెన్స్ వచ్చిన టీనేజ్ అమ్మాయికి మొదటి కారు ఎలాంటిది కొనివ్వాలి?

అమ్మాయి ముచ్చటైన చిన్న కారు అడుగుతోంది, ఇంట్లోవాళ్లేమో "ఎలాగూ గీతలు పెడుతుంది, ఏదో ఒక పాత డొక్కు కొనిపడేయండి" అంటున్నారు, ఏం చెయ్యాలి అని అడిగారు. నన్నడిగితే రెండూ వద్దు. బండి అదుపు తప్పి జారకుండా కాసే స్టెబిలిటీ కంట్రోల్ ఉండి, మరీ పాతబడని మధ్యరకం సైజు సెడాన్ చూడండి. ఇంజిన్ ఎంత మామూలుదైతే అంత మంచిది. రంగు మాత్రం తన ఇష్టానికి వదిలేయండి.

ఆ డొక్కు కారు సలహా ఎవరిచ్చినా నాకు ఒళ్లు మండుతుంది. ఇంట్లో అందరికంటే అనుభవం తక్కువున్న మనిషికి అందరికంటే రక్షణ తక్కువున్న బండి ఇస్తారా ఎవరైనా? ఏళ్ల తరబడి నడుపుతున్న తండ్రి ఎయిర్‌బ్యాగులున్న కొత్త కారులో తిరుగుతాడు. నిన్నగాక మొన్న లైసెన్స్ తెచ్చుకున్న పిల్ల మాత్రం గట్టిగా బ్రేకు తొక్కితే చక్రాలు బిగుసుకుపోయే కారులో తిరగాలా? ఇంట్లో మంచి కారు ఉంటే దాని తాళాలు పిల్లకివ్వండి, కొనే పాతది మీరు నడుపుకోండి. ఈ మాట చెబితే చాలామంది తండ్రులు నొచ్చుకుంటారు. నేను మాత్రం చెప్పడం మానను.

మా వాడికి కారు వెతుకుతున్నప్పుడు ఒక సెకండ్‌హ్యాండ్ డీలర్ దగ్గరికి వెళ్లాం. తెల్ల కారు, తళతళా మెరుస్తోంది. మేం కూర్చోగానే డీలర్ స్క్రీన్ ఆన్ చేసి పాట పెట్టాడు. మా వాడి మొహం వెలిగిపోయింది. "నాన్నా, ఇదే తీసుకుందాం" అంటూ అప్పుడే సీటు సర్దుకుంటున్నాడు. నేను పాట ఆపించి, ఇంజిన్ స్టార్ట్ చెయ్యకుండా తాళం మాత్రం తిప్పమన్నాను. అలా తిప్పినప్పుడు డాష్‌బోర్డు మీద ఆయిల్, బ్యాటరీ, ఏబీఎస్ (గట్టిగా బ్రేకు తొక్కినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసేది), ఎయిర్‌బ్యాగ్ లైట్లన్నీ వెలగాలి. ఎయిర్‌బ్యాగ్, ఏబీఎస్ లైట్లు కొన్ని సెకన్లలో వాటంతటవే ఆరిపోవాలి. మిగతావన్నీ వెలిగాయి గానీ, కూర్చున్న మనిషి ముందు గుండ్రటి బంతి ఉన్నట్టు ఒక బొమ్మ ఉంటుందే, ఆ ఎయిర్‌బ్యాగ్ లైటు వెలగలేదు. మళ్లీ తిప్పించాను. ఊహూఁ.

"వెలగకపోతే మంచిదే కదా సార్, ప్రాబ్లమ్ లేనట్టేగా" అన్నాడు డీలర్. అదెలా కుదురుతుంది? ఆ లైటు ముందు వెలిగి తర్వాత ఆరితేనే సిస్టమ్ తనను తాను చెక్ చేసుకుని బాగానే ఉన్నానని చెప్పినట్టు. అసలు వెలగనే లేదంటే ఎవరో బల్బు పీకేశారనో, వైరు కోసేశారనో అనుకోవాల్సిందే.

అనుమానం వచ్చి డ్రైవర్ సీటు బెల్టు లాగి చూశాను. సగం దాకా వచ్చి ఆగింది. వదిలితే వెనక్కి పోలేదు, మా వాడి ఒళ్లో వదులుగా పడి ఉంది. బండి గుద్దుకున్న క్షణంలో బెల్టును ఒక్క గుంజు గుంజి బిగించడానికి లోపల చిన్న మందుగుండు అమరిక ఉంటుంది. ప్రీటెన్షనర్ అంటారు. అది ఒక్కసారే పనిచేస్తుంది. ఆ తర్వాత కొత్తది వెయ్యకపోతే చాలా కార్లలో బెల్టు ఇలాగే పట్టేస్తుంది. భుజం పైన బెల్టు దూరి వచ్చే కొక్కెం దగ్గర వెలుతురులో పెట్టి చూస్తే, కొంత మేర నేత రాపిడి వేడికి కరిగి గాజులా నున్నగా ఉంది. ఎవరో ఆ బెల్టు పెట్టుకుని గట్టిగా గుద్దుకున్నారు. "బెల్టు కొత్తది వేయిస్తాం సార్" అన్నాడు డీలర్. ఎయిర్‌బ్యాగ్ ఊసే ఎత్తలేదు. నేను ఇంకేమీ అనకముందే మా వాడు కారు దిగిపోయాడు.

కాబట్టి పెయింటు చూసి మురిసిపోకండి. తాళం తిప్పి లైట్లు చూడండి, ప్రతి సీటు బెల్టూ చివరిదాకా లాగి వదలండి, టైరు పక్కన అచ్చుపోసిన నాలుగంకెలు చదవండి. 3518 అని ఉంటే అది 2018లో 35వ వారంలో తయారైన టైరు. అరుగుదల కనిపించకపోయినా పాతబడ్డ రబ్బరు గట్టిపడిపోతుంది, తడి రోడ్డు మీద పట్టు ఇవ్వదు.

ఇక స్టెబిలిటీ కంట్రోల్ విషయంలో రాజీ పడొద్దు. ఈఎస్‌సీ అంటారు, కొన్ని కంపెనీలు ఈఎస్‌పీ అంటాయి. 1997లో స్వీడన్‌లోని ఒక మోటార్ పత్రిక వాళ్లు రోడ్డుకు అడ్డంగా జంతువు వస్తే తప్పించినట్టు స్టీరింగ్ అటూ ఇటూ తిప్పే పరీక్ష పెడితే, అప్పుడే వచ్చిన మెర్సిడెస్ ఏ-క్లాస్ బోల్తా పడింది. తర్వాత ఆ కంపెనీ సస్పెన్షన్ మార్చి, ఆ మోడల్ మొత్తానికి ఈఎస్‌సీ పెట్టింది. స్టీరింగ్ తిప్పిన వైపు కాకుండా బండి ఇంకో వైపు జారుతుంటే ఇది ఒక్కో చక్రానికి విడిగా బ్రేకు వేసి దారిలోకి తెస్తుంది. కొత్తగా నేర్చినవాళ్లు చేసేది సరిగ్గా అదే: కంగారులో ఒకవైపు ఎక్కువ తిప్పి, సర్దబోయి రెండోవైపు అంతకన్నా ఎక్కువ తిప్పేస్తారు. అమెరికాలో 2012 మోడళ్ల నుంచి, యూరోపియన్ యూనియన్‌లో 2014 నవంబర్ నుంచి కొత్త కార్లన్నిటికీ ఇది తప్పనిసరి. పాత కారు కొంటుంటే మోడల్ పేరు చూసి ఉంటుందిలే అనుకోవద్దు. చాలా మోడళ్లలో చవక వేరియంట్‌కి పెట్టేవాళ్లు కాదు.

కార్లను గుద్దించి చూసే పరీక్షల్లో ఇచ్చే స్టార్ రేటింగులు చూడండి, కానీ ఏ ఏడాదివో కూడా చూడండి. ఆ పరీక్షలు పోనుపోను కఠినమవుతున్నాయి, 2008 నాటి ఐదు స్టార్లూ ఇప్పటి ఐదు స్టార్లూ ఒకటి కావు. పైగా చిన్న కారుకి ఐదు స్టార్లు వచ్చాయంటే తన సైజు కార్లతో పోలిస్తే బాగుందని అర్థం. బరువైన బండి ఎదురొచ్చి గుద్దితే తేలికైన దానిలో ఉన్నవాళ్లకే దెబ్బ ఎక్కువ. నేను చిన్న కారు వద్దనేది ఇందుకే. అలాగని పెద్ద ఎస్‌యూవీ కూడా కొనకండి. ఏడుగురికి చోటుంటే ఆరుగురు స్నేహితులూ ఎక్కుతారు, బండిలో తన ఈడు పిల్లలు పెరిగేకొద్దీ కొత్త డ్రైవర్‌కి ప్రమాదం పెరుగుతుందని పరిశోధనలు చెబుతూనే ఉన్నాయి.

ఈ కార్ల కంపెనీలకు టచ్‌స్క్రీన్ పిచ్చి ఎందుకు పట్టిందో నాకు అర్థం కాదు. ఏసీ కాస్త తగ్గించాలన్నా రోడ్డు మీంచి చూపు తిప్పాలి. 80 కిలోమీటర్ల వేగంలో రెండు సెకన్లు స్క్రీన్ చూస్తే బండి 44 మీటర్లు చూడకుండా నడిపినట్టే. పిల్లల కారుకి చేత్తో తడిమితే తెలిసే బటన్లే ఉండాలి.

ఆటోమేటిక్కా మాన్యువలా అని కూడా అడిగారు. ఆటోమేటిక్. మాన్యువల్ నేర్చుకుంటేనే అసలైన డ్రైవింగ్ అనే వాదన నేను ఒప్పుకోను. మొదటి ఏడాది తన ధ్యాసంతా ఎదురొచ్చే బండి మీద, పక్కన నడిచే మనిషి మీద ఉండాలి. గేర్లు తర్వాత ఎప్పుడైనా నేర్చుకోవచ్చు.