బొమ్మ కదులుతుందా, కదుపుతామా, జరుపుతామా?

సందేహం: పిల్లలకి ప్రాసెసింగ్ అనే ప్రోగ్రామింగ్ భాషలో చిన్న చిన్న ప్రోగ్రాములు నేర్పుతున్నానండి. నర్సాపురం రేవులో పంటు గోదారి దాటుతున్నట్టు ఒకటి చేయిస్తున్నా. ఇమేజ్ "లోడ్ అయ్యింది" అనాలా, "లోడ్ చేసింది" అనాలా? బొమ్మని "కదిలిస్తున్నాం" అంటే, ఆ మాట మనసుకే వాడాలని మా పక్కింటి మాస్టారు అంటున్నారు, నిజమేనా?
– ఒక పాఠకురాలు, సఖినేటిపల్లి

సమాధానం: ముందు మాస్టారి మాట తేల్చేద్దాం. అలాంటి రూల్ ఏమీ లేదండి, "పడుకున్న పిల్లాణ్ణి కదిలించకు" అని మనింట్లో రోజూ అనే మాటేగా.

ఇక లోడ్ సంగతి. "లోడించు" అని ఎవరూ అనరు, ఇంగ్లీష్ క్రియ మన దగ్గరికొస్తే పక్కన చెయ్యి గానీ అవు గానీ చేరుద్ది. ధాన్యం లారీకి లోడ్ చేస్తారు, లారీ లోడ్ అయ్యింది అంటారు, ఇక్కడా అంతే, సెటప్‌లో (మొదట్లో ఒక్కసారే నడిచే భాగంలో) లోడ్ఇమేజ్ అని, బొమ్మ ఫైలు తెచ్చే ఆదేశం రాసేది మీరు కాబట్టి "లోడ్ చేస్తున్నాం", ఆ లైను దాటాక "లోడ్ అయ్యింది". "ఇమేజ్ లోడ్ చేసింది" అంటే మాత్రం ఆ ఇమేజే ఇంకేదో లోడ్ చేసినట్టుంటది. (ఆ లైను డ్రా అనే భాగంలో పెట్టనివ్వకండి, డ్రా మామూలుగా సెకనుకి 60 సార్లు నడుస్తుంది, ప్రతిసారీ ఫైలు మళ్ళీ తెచ్చుకుంటూ కూర్చుంటే పంటు నత్తనడకే.)

అసలు మజా కదలడం దగ్గరుంది. నిజానికి అక్కడ ఏదీ కదలదు కదండీ, బ్యాక్‌గ్రౌండ్‌తో తుడిచేసి, ఎక్స్ విలువ (బొమ్మ అడ్డంగా ఎక్కడుండాలో చెప్పే అంకె) కాస్త పెంచి, అదే బొమ్మ మళ్ళీ వేస్తాం, తుడవడం మర్చిపోతే గోదారంతా పంట్లే. చూసేవాళ్ళకి అది "కదులుతోంది", రాసేవాళ్ళకి "కదుపుతున్నాం". కదులు–కదుపు, జరుగు–జరుపు, తిరుగు–తిప్పు, ఈ జతల్లో మొదటిది దానంతటది జరిగేది, రెండోది మనం చేసేది. నన్నడిగితే ఇక్కడ "జరుపుతున్నాం" ఇంకా బాగుంటది, ఎందుకంటే కదపడం ఉన్నచోటే ఉండి కూడా అవుద్ది, జరపడం అంటే చోటు మారాల్సిందే, ఎక్స్ పెంచడం అంటే సరిగ్గా అదే.

మరి పంటు మీద జెండా రెపరెపలాడాలంటే? నాలుగు బొమ్మలు ఎర్రేలో (వరస జాబితాలో) లోడ్ చేసి, ఫ్రేమ్‌కౌంట్‌ని (డ్రా ఇప్పటిదాకా ఎన్నిసార్లు నడిచిందో ఆ లెక్కని) 4తో భాగించగా వచ్చే శేషాన్ని బట్టి ఒకదాని తర్వాత ఒకటి వేస్తారు, అక్కడ చోటు మారట్లేదు కాబట్టి జరపడం పనికిరాదు, "ఆడించడం" అనండి. కాకినాడ పక్కన మాధవపట్నంలో తోలుబొమ్మలాట ఉంది కదా, ఆ బొమ్మల్ని కూడా ఆడిస్తారనే అంటాం, జరుపుతారని అనం.

"యానిమేట్ చేస్తాం" అన్నా తప్పేం లేదు, కాకపోతే ఎక్స్ మార్చాలో బొమ్మ మార్చాలో పిల్లలకి ఆ మాటలో తెలీదు.