అమెరికాలో కారు ఆయిల్ ఇంట్లోనే మార్చుకోవచ్చా?

పాత కొరోలానో సివిక్‌నో కొనుక్కున్న తెలుగు పిల్లలకు మొదటి ఏడాదిలోనే ఈ సందేహం వస్తుంది. ఆయిల్ మార్పించడానికి వెళితే సింథటిక్ (కృత్రిమంగా తయారుచేసిన) ఆయిల్‌కు 80, 90 డాలర్లు అడుగుతారు. పనిలో పనిగా ఎయిర్ ఫిల్టరూ వైపర్లూ కూడా మార్చాలంటారు. ఇదంతా మనమే చేసుకోలేమా, చేసుకుంటే వారంటీ పోతుందా అని అడుగుతుంటారు.

నిక్షేపంగా చేసుకోవచ్చు. అయితే మీకు సొంత గ్యారేజో, చదునైన కాంక్రీటు డ్రైవ్‌వేనో ఉండాలి. అపార్ట్‌మెంటులో ఉంటున్నవారు ముందు లీజు తీసి చదవండి. పార్కింగ్ స్థలంలో కారు మరమ్మతులు చేయకూడదని చాలా లీజుల్లో ఉంటుంది. అలా ఉంటే, ఇల్లున్న స్నేహితుణ్ణి ఒక శనివారం ఉదయం అడిగి అక్కడ చేసుకోండి.

వారంటీ గురించి భయం అక్కరలేదు. 1975లో వచ్చిన మాగ్నసన్-మాస్ చట్టం ప్రకారం, ఆయిల్ మీరే మార్చుకున్నారన్న ఒక్క కారణంతో కంపెనీ వారంటీని నిరాకరించకూడదు. ఆయిల్, ఫిల్టరు కొన్న రశీదులు దాచండి. మార్చిన తేదీ, అప్పటికి తిరిగిన మైళ్లు ఒక పుస్తకంలో రాసుకోండి. కొత్త టయోటా కొన్నవారైతే అసలు చెయ్యి పెట్టకండి. రెండేళ్లు లేదా 25,000 మైళ్ల వరకు నిర్ణీత సర్వీసు ఉచితంగానే చేసిపెడతారు.

డబ్బు ఆదా కోసమే ఈ పనిలోకి దిగేవారికి ఒక మాట చెప్పాలి. అయిదు క్వార్టుల (క్వార్టు అంటే లీటరుకు కొంచెం తక్కువ) ఆయిల్ డబ్బా, మంచి ఫిల్టరు కలిపి 40 డాలర్లలోపు వస్తాయి, నిజమే. కానీ టైర్లు ఎక్కించే ఏటవాలు ర్యాంపులు, స్పానర్లు, ఆయిల్ పట్టే పళ్లెం కొనేసరికి మొదటి రెండు మూడుసార్ల ఆదా వాటికే పోతుంది. నేను అందరినీ చేయమనేది వేరే కారణంతో. పాత కారు కొన్నవారు దాని అడుగుభాగాన్ని కళ్లతో చూడడం చాలా అవసరం. చక్రాన్ని తిప్పే ఇరుసు (యాక్సిల్) దగ్గరి రబ్బరు తొడుగు చిరిగి గ్రీజు చిమ్ముతోందా, ఇంజిను అడుగున తడి ఉందా, టైర్లు లోపలి అంచున అరిగిపోయాయా అన్నవి పైనుంచి తెలియవు. ఒక టార్చి పట్టుకుని పది నిమిషాలు కింద గడిపితే, అమ్మినవాళ్లు చెప్పని సంగతులు చాలా బయటపడతాయి.

ఇక ఆయిల్ సంగతి. మన దగ్గర బండికి 20డబ్ల్యూ-40 (ఈ అంకెలు ఆయిల్ చిక్కదనాన్ని చెబుతాయి) పోయించిన అలవాటుతో, చిక్కటి ఆయిల్ అయితేనే ఇంజినుకు రక్ష అనుకుంటారు. మేముండే ఒహాయోలో జనవరి తెల్లవారుజామున సున్నాకు పదిహేను డిగ్రీలు కిందికి పడిపోయే రోజులుంటాయి. ఆ చలిలో స్టార్టు చేయగానే ఆయిల్ ఇంజిను పైభాగానికి త్వరగా చేరాలంటే పలచగా పారాలి. అందుకే మీ కారు మాన్యువల్‌లో 0డబ్ల్యూ-20 అని ఉంటే అదే పోయండి. 1.8 లీటర్ల కొరోలాకు ఫిల్టరుతో కలిపి 4.4 క్వార్టులు పడుతుంది. డబ్బా మీద ఏపీఐ (అమెరికా పెట్రోలియం సంస్థ) నాణ్యతా గుర్తులో ఎస్పీ అని గానీ, దాని తరవాత వచ్చిన ఎస్‌క్యూ అని గానీ ఉందో లేదో చూసుకుంటే, ఏ బ్రాండన్నది పెద్ద విషయం కాదు.

అన్నిటికంటే గట్టిగా చెప్పేది ఇది: కారుతో వచ్చిన జాకీ మీద మాత్రమే కారును నిలబెట్టి దాని కిందికి ఎప్పుడూ దూరకండి. ఆ జాకీ టైరు మార్చడానికే. అది జారితే తప్పించుకునే వ్యవధి ఉండదు. ముందు టైర్లను ర్యాంపుల మీదికి ఎక్కించండి, లేదా కారు బరువు మోసే జాక్ స్టాండ్ల మీద నిలపండి. హ్యాండ్‌బ్రేకు వేసి వెనక టైర్లకు అడ్డు కట్టెలు పెట్టండి. ఇంట్లో ఎవరికైనా చెప్పాకే కిందికి వెళ్లండి.

ఇంజినును మూడు నాలుగు నిమిషాలు తిప్పి ఆపండి. ఆయిల్ గోరువెచ్చగా ఉంటే బాగా దిగుతుంది, కాలుతుంటే చేతులు బొబ్బలెక్కుతాయి. బానెట్ ఎత్తి ఆయిల్ పోసే మూత తీసి ఉంచండి. కింద ఆయిల్ బయటికి వదిలే డ్రెయిన్ బోల్టు టయోటాకు 14, హోండాకు 17 మిల్లీమీటర్ల స్పానరుకు వస్తుంది. విప్పేముందు అది ఇంజినుదేనని రూఢి చేసుకోండి. కొన్ని కార్లలో గేర్‌బాక్సు బోల్టు కూడా పక్కనే ఉంటుంది. దాన్ని విప్పి గేరు ఆయిల్ పారబోసి, ఇంజినులో కొత్త ఆయిల్ అదనంగా నింపిన వాళ్లున్నారు. రెండూ పాడవుతాయి.

బోల్టు వదులయ్యాక స్పానరు పక్కన పెట్టి వేళ్లతో విప్పండి. విప్పుతున్నంతసేపూ దాన్ని లోపలికి అదిమిపట్టి, మరలు పూర్తిగా వదిలాయనిపించినప్పుడు ఒక్కసారిగా పక్కకు లాగండి. ఆయిల్ మొదట దూరంగా, ఏటవాలుగా దూకుతుంది. కాసేపటికి ధార సన్నబడి నిట్టనిలువుగా పడుతుంది. పళ్లాన్ని దానికి తగ్గట్టు జరుపుకోవాలి. బోల్టు తిరిగి బిగించేటప్పుడు కొత్త వాషరు వేయండి, కొన్ని సెంట్లకే వస్తుంది. బలం చూపించకండి. ఆయిల్ ట్యాంకు చాలా కార్లలో అల్యూమినియమే, మరలు అరిగిపోతే ఆ మరమ్మతుకు వందల డాలర్లవుతాయి.

డబ్బా ఆకారపు ఫిల్టరైతే, పాతది తీయగానే దాని రబ్బరు రింగు దానితోపాటే వచ్చిందో లేదో చూడండి. ఒక్కోసారి అది ఇంజినుకే అంటుకుని ఉండిపోతుంది. నల్లగా ఉండడంవల్ల కంటికి ఆనదు, వేలితో చుట్టూ తడిమి చూడాలి. దాని మీదే కొత్త ఫిల్టరు బిగిస్తే రెండు రింగులు ఒకదానిమీద ఒకటి కూర్చుని, ఇంజిను తిరగగానే ఆయిల్ మొత్తం రోడ్డు మీదికి చిమ్మేస్తుంది. కొత్త రింగుకు కాస్త ఆయిల్ రాసి, రింగు ఆనాక చేత్తోనే ముప్పావు చుట్టు బిగిస్తే సరి. 2009 తరవాతి చాలా కొరోలాల్లో డబ్బా ఉండదు. మూత విప్పి లోపలి కాగితపు ఫిల్టరు మార్చాలి. ఆ మూతకు 64 మిల్లీమీటర్ల ప్రత్యేకమైన స్పానరు ముందే కొనుక్కోండి.

మాన్యువల్‌లో చెప్పినదానికంటే కాస్త తక్కువ (1.8 లీటర్ల కొరోలాకైతే నాలుగు క్వార్టులు) పోసి, అర నిమిషం ఇంజిను తిప్పి, ఆపి, కింద కారుతోందేమో చూడండి. కారును చదునైన చోటికి దింపి, అయిదు నిమిషాలాగి ఆయిల్ మట్టం చూపే డిప్‌స్టిక్ చూస్తూ మిగతాది కొద్దికొద్దిగా కలపండి. పై గీత దాటనివ్వకండి.

వాడిన ఆయిల్‌ను మన పల్లెల్లో చెదలు పట్టకుండా కర్రలకు పూస్తారు. ఇక్కడ నేల మీద గానీ, వాననీటి కాలువలో గానీ, చెత్తబుట్టలో గానీ పోయకూడదు. ఒక్క కారు ఆయిల్ పది లక్షల గ్యాలన్ల మంచినీటిని పాడుచేయగలదని ఇక్కడి పర్యావరణ సంస్థ ఈపీఏ హెచ్చరిస్తుంది. ఖాళీ అయిన కొత్త డబ్బాలోకే వంపి మూత బిగించి, ఆటోజోన్, ఓరైలీ లాంటి విడిభాగాల దుకాణానికి పట్టుకెళ్లండి. ఉచితంగా తీసుకుంటారు. నీళ్లు గానీ, ఇంజినును చల్లబరిచే కూలంట్ గానీ కలిస్తే మాత్రం తీసుకోరు.

ఆ రాత్రి కారు కింద ఒక పెద్ద అట్టముక్క పరచండి. పొద్దున అది పొడిగా ఉంటే డిప్‌స్టిక్ మరోసారి చూసుకుని, డ్యాష్‌బోర్డు మీద సర్వీసు గుర్తును మాన్యువల్‌లో చెప్పినట్టు రీసెట్ చేసి ఆఫీసుకు బయలుదేరండి.