ఆరు గదులు, ఐదు తూటాలు: సింగిల్ యాక్షన్ రివాల్వర్ మీద మీ ప్రశ్నలు

పోయిన నెల ఎయిర్ పిస్టల్ గురించి నాలుగు ముక్కలు రాశానో లేదో, వచ్చిన ఉత్తరాలన్నీ కౌబాయ్ రివాల్వర్ చుట్టూనే తిరిగాయి. సరే, ఈసారి అవే చూద్దాం. పేర్లు వద్దన్నవాళ్లు ఎక్కువ కాబట్టి ఎవరి పేరూ వెయ్యడం లేదు, ఊరు, పేట మాత్రమే.

పటమట, విజయవాడ: అన్నా, నాకు 27 ఏళ్లు, సాఫ్ట్‌వేర్ జాబ్. చిన్నప్పటి నుంచి కౌబాయ్ సినిమాల్లో ఆ పొడుగు గొట్టం రివాల్వర్ అంటే పిచ్చి. ప్రతిసారీ బొటనవేలితో హ్యామర్ వెనక్కి లాగి కాలుస్తారే, ఆ రకం. హాబీగా ఒకటి కొనుక్కోవాలని ఉంది. ఎక్కడ దొరుకుతుంది, ఎంతవుతుంది?

తమ్ముడూ, దాన్నే సింగిల్ యాక్షన్ అంటారు. అందులో ట్రిగ్గర్‌కి ఉన్న పని ఒక్కటే, లాగిపెట్టిన హ్యామర్‌ని, అంటే వెనకనుండే సుత్తి లాంటి ముక్కని, వదిలెయ్యడం. హ్యామర్‌ని లాగడం, ఆ లాగుడుకి తూటాల గదులుండే గుండ్రటి సిలిండర్ ఒక గది తిరిగి గొట్టానికి ఎదురుగా వచ్చి కూర్చోవడం, ఇదంతా నీ బొటనవేలి కష్టమే. డబుల్ యాక్షన్‌లో అయితే ట్రిగ్గర్ గట్టిగా నొక్కితే చాలు, హ్యామర్ దానంతటదే లేచి దానంతటదే పడుతుంది. అమెరికా సైన్యం 1873లో తీసుకున్న కోల్ట్ కంపెనీ రివాల్వర్ సింగిల్ యాక్షన్ వాటన్నిటికీ పెద్దన్న. సినిమాల్లో నువ్వు చూసేవి చాలావరకు అదీ, దాని నకళ్లూను.

ఇక చేదు సంగతి. మన షాపుల్లో కొత్తది దొరకదు. కాన్పూర్ ప్రభుత్వ ఫ్యాక్టరీలో చేసే .32 (ఇది తూటా కొలత, అంగుళాల్లో) రివాల్వర్లు, 2014లో వచ్చిన నిర్భీక్, 2023లో వచ్చిన ప్రబల్, అన్నీ డబుల్ యాక్షనే. విదేశాల నుంచి తెప్పించుకుందామంటే మామూలు జనానికి ఆ దారి 1980ల్లోనే మూసేశారు, పోటీల్లో పేరు తెచ్చుకున్న షూటర్లకు మాత్రం వెసులుబాటు ఉంది. అంటే అసలైన సింగిల్ యాక్షన్ ఎక్కడైనా ఉంటే అది ఏ పాత లైసెన్సుదారు బీరువాలోనో ఉండాలి, ఆయన ఇంకో లైసెన్సుదారుకి అనుమతి కాగితాలతో అమ్మాలి, రేటు ఆయన చెప్పిందే రేటు. "ఫలానా వాళ్ల దగ్గర ఒకటుంది, ముందు తీసుకో, లైసెన్స్ సంగతి మెల్లగా చూద్దాం" అని ఎవడైనా అంటే వాడి ఫోన్ మళ్లీ ఎత్తకు. లైసెన్స్ లేకుండా దగ్గర పెట్టుకుంటే ఆయుధాల చట్టానికి 2019లో చేసిన సవరణ తర్వాత తక్కువలో తక్కువ రెండేళ్లు, ఐదేళ్ల దాకా జైలు.

లైసెన్స్‌కి విజయవాడలో అయితే పోలీస్ కమిషనర్‌కి, గుంటూరులో అయితే కలెక్టర్‌కి దరఖాస్తు పెట్టాలి. 21 ఏళ్లు నిండాలి, డాక్టర్ సర్టిఫికెట్ కావాలి, తుపాకీ జాగ్రత్తగా వాడటంలో శిక్షణ తీసుకున్నట్టు కాగితం కావాలి, ఇంట్లో ఎక్కడ తాళం వేసి పెడతావో రాసివ్వాలి. స్టేషన్ నుంచి ఎంక్వైరీకి వస్తారు, పక్కింటి వాళ్లని కూడా అడుగుతారు. అన్నిటికంటే ముఖ్యం, ఎందుకు కావాలో చెప్పాలి. "సరదా" అని రాస్తే ఆ ఫైలు కదలదు. షూటింగ్ క్లబ్ మెంబర్‌షిప్, పోటీల్లో స్కోర్లు ఉంటే మాట్లాడటానికి ఏదో ఒక ఆధారం ఉంటుంది.

అందుకే నిన్ను తిరిగి ఒకటి అడుగుతా. నీకు కావాల్సింది రివాల్వరా, కాల్చడమా? ఒక్క రివాల్వరే అయితే ఆ డబ్బు, ఆ తిరుగుడు, ఇంట్లో అమ్మానాన్నల టెన్షన్, ఇవన్నీ కలిపి చూస్తే నా లెక్కలో అంత విలువ చెయ్యదు, లాకర్‌లో పడుండే ఇనప ముక్క కోసం అంత అవస్థ ఎందుకు. కాల్చడమే అయితే దారి చాలా దగ్గర. 4.5 మిల్లీమీటర్ల బోరు (గొట్టం లోపలి వెడల్పు), 20 జౌళ్ల లోపు శక్తి ఉన్న ఎయిర్ పిస్టల్‌కి లైసెన్స్ అక్కర్లేదు. రేంజ్‌లో దాంతో చెయ్యి కుదురు చేసుకుని, తర్వాత .22కి, ఆ తర్వాత క్లబ్ ద్వారా .32కి వెళ్లు. ఇంకో సంగతి, మన .32 డబుల్ యాక్షన్ రివాల్వర్ని కూడా బొటనవేలితో లాగి కాల్చొచ్చు. అలా లాగిపెట్టాక ట్రిగ్గర్ తేలికైపోతుంది, వేలు కాస్త కదిపితే చాలు. నువ్వు కోరుకున్న అనుభవం దాదాపు అందులోనే ఉంది, ఒక్క ఆకారం తప్ప. 25 మీటర్ల సెంటర్ ఫైర్ (తూటా వెనక మధ్యలో కొట్టి పేల్చే రకం) పోటీలో రివాల్వర్లకి ఇప్పటికీ అనుమతి ఉంది, ఒకప్పుడు ఆ పోటీలో వాటిదే హవా.

గవర్నర్‌పేట, విజయవాడ: సిలిండర్‌లో ఆరు గదులుంటే ఐదే తూటాలు పెట్టాలంటారు. సెంటిమెంటా?

సెంటిమెంట్ కాదండీ, ప్రాణం మీదికొచ్చే సంగతి. పాత కోల్ట్‌లో ఫైరింగ్ పిన్, అంటే తూటాని కొట్టి పేల్చే మొన, హ్యామర్‌కే అతికి ఉంటుంది. హ్యామర్ కిందికి దించి ఉన్నప్పుడు ఆ మొన నేరుగా తూటా వెనక భాగానికి ఆని ఉంటుంది. నడుముకున్న సంచిలోంచి జారి హ్యామర్ నేలకి కొట్టుకుందా, పేలుతుంది, అదీ మీ కాలి వైపో, పక్కవాడి వైపో. హ్యామర్‌ని కొంచెం పైకెత్తి నిలిపే సేఫ్టీ గాడి ఒకటి ఉంది గానీ, అది సన్నటి లోహపు అంచు మీద నిలిచేది, గట్టి దెబ్బకి విరుగుతుంది. అందుకే హ్యామర్ కింద ఎప్పుడూ ఖాళీ గది ఉండాలని పాతవాళ్లు పెట్టుకున్న నియమం.

నింపే పద్ధతి కూడా దాన్ని బట్టే. గొట్టం సురక్షితమైన వైపు పెట్టి, హ్యామర్‌ని సగం దాకా లాగితే సిలిండర్ చేత్తో తిప్పడానికి వదులవుతుంది. కుడి పక్కనున్న చిన్న తలుపు తీసి ఒక తూటా పెట్టి, తర్వాతి గది వదిలేసి, వరసగా నాలుగు పెట్టాలి. తలుపు వేసి, హ్యామర్ పూర్తిగా వెనక్కి లాగి, బొటనవేలితో గట్టిగా పట్టుకుని మెల్లగా దించితే సరిగ్గా ఖాళీ గది మీదికి దిగుతుంది. కోల్ట్ హ్యామర్ని తొందరపడకుండా లాగితే నాలుగు క్లిక్కులు వరసగా వినపడతాయి, ఆ చప్పుడు కోసమే దాన్ని కొనేవాళ్లున్నారంటే అతిశయోక్తి కాదు.

రూగర్ కంపెనీ 1973లో హ్యామర్‌కీ ఫైరింగ్ పిన్‌కీ మధ్య ట్రాన్స్‌ఫర్ బార్ అనే ముక్క పెట్టింది. ట్రిగ్గర్ నొక్కి ఉంచితేనే ఆ ముక్క మధ్యలోకి లేస్తుంది, లేకపోతే దెబ్బ పిన్‌ని తాకదు. అలాంటి వాటిలో ఆరు పెట్టుకోవచ్చు. తమ పాత మోడళ్లని పంపిస్తే ఊరికే మార్చిస్తామని కూడా ఆ కంపెనీ ప్రకటించింది. నేనైతే ఏది చేతికిచ్చినా ఐదే పెడతాను. 25 మీటర్ల పోటీల్లో ఒక్కో సిరీస్ ఐదు షాట్లే కాబట్టి లెక్క కూడా కుదురుతుంది.

మంగళగిరి, గుంటూరు జిల్లా: రిటైర్డ్ లెక్చరర్ని. వచ్చే నెల డల్లాస్‌లో కూతురు దగ్గరికి వెళ్తున్నాం. అల్లుడు రేంజ్‌కి తీసుకెళ్లి పాత మోడల్ రివాల్వర్ కాల్పిస్తానంటున్నాడు. నచ్చితే ఒకటి తెచ్చుకోవచ్చా?

మాస్టారూ, తెచ్చుకోవడం సంగతి తర్వాత, కాల్చడమే ముందు చూసుకోవాలి. విజిటర్ వీసా మీద వెళ్లినవాళ్లు అమెరికాలో తుపాకీ గానీ తూటా గానీ దగ్గర ఉంచుకోకూడదని వాళ్ల కేంద్ర చట్టం. రేంజ్‌లో అద్దెకి తీసుకున్నా దాని కిందికే వస్తుంది. దీనికి ఒక మినహాయింపు ఉంది, ఆ దేశంలో ఏదో ఒక రాష్ట్రం ఇచ్చిన వేట లైసెన్స్ మీ పేరు మీద చెల్లుబాటులో ఉండాలి. వేటకి వెళ్లకపోయినా చాలామంది టూరిస్టులు ఆ లైసెన్స్ తీసుకునేది ఇందుకే, టెక్సాస్‌లో బయటివాళ్లకీ ఇస్తారు. అల్లుడు గారిది హెచ్-1బీ అయితే ఆయనకీ ఇదే రూలు, గ్రీన్ కార్డ్ ఉంటే ఈ గొడవ లేదు. ముందే రేంజ్ వాళ్లకి ఫోన్ చేసి అడగమనండి.

సామాన్లో పెట్టుకుని తేవడం మాత్రం మర్చిపోండి. తుపాకీ దాకా ఎందుకు, ఒక్క తూటా ఉన్నా గన్నవరంలో దిగకముందే కేసైపోతుంది. రేంజ్‌కి వేసుకెళ్లిన ప్యాంటు జేబులు, చంకసంచి అరలు, టోపీ మడతలు, అన్నీ తిరుగు ప్రయాణానికి ముందు దులిపి చూసుకోండి. తూటా చిన్నది, జేబులో మూలకి చేరితే చేతికి తగలదు.

బ్రాడీపేట, గుంటూరు: మా తాతగారు పోయి చాలా కాలమైంది. ఆయన రివాల్వర్ ఇంకా మా బీరువాలోనే ఉంది. లైసెన్స్ ఆయన పేరు మీదే. శుభ్రం చేసి వాడుకోవచ్చా?

ముట్టుకోకండి. ఈ ప్రశ్న మాకు రాసిన రోజే స్టేషన్‌కి వెళ్లాల్సింది. లైసెన్సుదారు పోయాక ఆ తుపాకీని ఆలస్యం చెయ్యకుండా దగ్గర్లోని పోలీస్ స్టేషన్‌లో గానీ, లైసెన్స్ ఉన్న ఆయుధాల డీలర్ దగ్గర గానీ అప్పగించాలి. ముందు ఒక లాయర్‌తో మాట్లాడి, తాతగారి లైసెన్స్ పుస్తకం, డెత్ సర్టిఫికెట్ పట్టుకుని, ఆలస్యానికి కారణం రాతపూర్వకంగా ఇచ్చి డిపాజిట్ చెయ్యండి. రసీదు తప్పక తీసుకోండి. ఆ తర్వాత వారసుడిగా మీ పేరు మీద లైసెన్స్‌కి అప్లై చేసుకోవచ్చు. మిగతా వారసులు తమకు అభ్యంతరం లేదని రాసివ్వాల్సి ఉంటుంది, మీ బాబాయిలు, మేనత్తలు అందరితో ముందే మాట్లాడి పెట్టుకుంటే మంచిది. 2019 నుంచి ఒక మనిషి దగ్గర రెండు తుపాకులకు మించి ఉండకూడదు, వారసత్వంగా వచ్చింది కూడా ఆ లెక్కలోకే. ఇంకో మాట, 2016 ఆయుధాల నిబంధనల ప్రకారం లైసెన్సుదారుకి 70 ఏళ్లు వచ్చినా, తుపాకీ 25 ఏళ్లుగా దగ్గరున్నా, బతికుండగానే వారసుడికి మార్పించుకోవచ్చు. ఇంట్లో పెద్దాయన ఉండి, ఆయనకి తుపాకీ ఉన్నవాళ్లు ఇది గుర్తుపెట్టుకోండి.

తెనాలి: పెళ్లి ఊరేగింపులో మా బావ తన లైసెన్స్ రివాల్వర్‌తో గాల్లోకి కాలుస్తానంటున్నాడు. లైసెన్స్ ఉందిగా, ఏమీ కాదంటాడు.

రెండేళ్ల దాకా జైలు, లేదా లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. ఔట్లు కాల్చుకోమనండి.

లక్ష్మీపురం, గుంటూరు: క్లబ్‌లో .32తో కాలుస్తున్నా. కుడిచేతి వాటం. దెబ్బలన్నీ కిందికి, ఎడమకి పోతున్నాయి. సైట్ తేడానా?

అప్పుడే సైట్‌ని, అంటే గురి చూసుకునే ముక్కని, అనుమానించకండి. కుడిచేతి వాళ్లకి కింద ఎడమ మూలకి పోతున్నాయంటే చాలావరకు చప్పుడుకి, తన్నుడుకి ముందే చెయ్యి బిగుసుకుంటున్నట్టు. ఒక చిన్న పరీక్ష ఉంది. పక్కన ఇంకొకర్ని పెట్టుకుని, మీకు కనపడకుండా సిలిండర్‌లో కొన్ని ఉత్తుత్తి తూటాలు కలిపి పెట్టమనండి. ఉత్తుత్తి దాని మీద హ్యామర్ పడ్డప్పుడు గొట్టం కిందికి ముక్కు వంచిందంటే దొంగ దొరికినట్టే. ఈ పరీక్షకి రివాల్వర్‌ని మించింది లేదు, సిలిండర్ తిరిగితే ఏది ముందుకొచ్చిందో మీకు తెలియదు కాబట్టి.

సింగిల్ యాక్షన్‌లో ఇంకో చిక్కు ఉంది. హ్యామర్ బరువైంది, పడే దూరం ఎక్కువ. ట్రిగ్గర్ హ్యామర్‌ని వదిలిన క్షణానికీ తూటా పేలే క్షణానికీ మధ్య ఆధునిక పిస్టల్ కంటే ఎక్కువ సమయం పడుతుంది, ఆ మధ్యలో చెయ్యి కదిలితే అంతా కాగితం మీద కనపడుతుంది. అందుకని పేలాక కూడా గొట్టం కొసనున్న సైట్ మీద నుంచి కన్ను తియ్యకుండా ఒక ఊపిరి సేపు అలాగే ఉండటం అలవాటు చేసుకోండి. ఇవన్నీ చేశాక కూడా దెబ్బలు ఒకే చోట గుంపుగా, కానీ కిందికే పడుతుంటే అప్పుడు సైట్ సంగతి చూద్దాం. గొట్టం కొసనున్న సైట్‌ని ఆకురాయితో కొద్దిగా అరగదీస్తే దెబ్బ పైకి వస్తుంది. కొద్దిగా అంటే కొద్దిగానే, అరిగింది మళ్లీ పెరగదు.

అరండల్‌పేట, గుంటూరు: మా బాబుకి 13 ఏళ్లు. ఫోన్‌లో ఆటలు చూసి రివాల్వర్, రివాల్వర్ అంటూ తినేస్తున్నాడు. భయంగా ఉంది.

భయపడకమ్మా, తీసుకెళ్లి ఎయిర్ పిస్టల్ కోచ్ దగ్గర కూర్చోబెట్టు. 10 మీటర్ల దూరం, ఒంటిచేత్తో పట్టుకోవాలి, పది పాయింట్ల చుట్టు అడ్డంగా 11.5 మిల్లీమీటర్లు మాత్రమే. మొదటి వారాలు అసలు కాల్చనివ్వరు, నిలబడటం, ఊపిరి, ఇవే. ఫోన్‌లో చూసిన హీరోయిజం కోసం వచ్చిన పిల్లలు అక్కడే విసుగొచ్చి మానేస్తారు, మానెయ్యని వాళ్లకి ఇది నిజంగా నచ్చినట్టు. మన హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ చిన్న వయసులోనే పిస్టల్ పట్టి 2024 పారిస్ ఒలింపిక్స్ దాకా వెళ్లింది.

భవానీపురం, విజయవాడ: ఏటి పక్కన ఇల్లు. రివాల్వర్ తోలు హోల్‌స్టర్‌లోనే పెట్టి లాకర్‌లో దాస్తున్నా, అయినా తుప్పు చుక్కలు వస్తున్నాయి.

అయినా కాదండీ, అందుకే వస్తున్నాయి. తోలు తేమని పీల్చి లోహానికి అంటగడుతుంది, కృష్ణ పక్కన వానాకాలంలో చెప్పేదేముంది. కాల్చిన రోజే సిలిండర్ బయటికి తీసి, గొట్టంలోనూ ఒక్కో గదిలోనూ బ్రష్ తిప్పి, గుడ్డతో తుడిచి, పల్చగా నూనె రాయండి. కారేంత వద్దు, దుమ్ము పడుతుంది. సిలిండర్ ముందు భాగంలో సీసం మరకలుంటాయి, కాబట్టి రేంజ్ నుంచి వచ్చాకా, శుభ్రం చేశాకా సబ్బుతో చేతులు కడుక్కోకుండా మిరపకాయ బజ్జీల మీద పడొద్దు. లాకర్‌లో తేమ పీల్చే సిలికా జెల్ సంచి పడేసి, రివాల్వర్‌ని పొడి నూలు గుడ్డలో చుట్టి పెట్టండి. తూటాలు వేరే అరలో, వేరే తాళంతో. హోల్‌స్టర్ బయటే ఉండనివ్వండి.