చోడి జీనోమ్‌లో పునరావృత డీఎన్‌ఏ నిజంగా 11 శాతమేనా?

చోడి (రాగి) జీనోమ్‌పై, అంటే దాని మొత్తం డీఎన్‌ఏపై, వరి రిపీట్ లైబ్రరీతో (వరిలో పదేపదే వచ్చే డీఎన్‌ఏ నమూనాల జాబితాతో) రిపీట్‌మాస్కర్ ప్రోగ్రామును నడిపితే 11 శాతమే పునరావృత డీఎన్‌ఏగా తేలిందనీ, దీన్ని ఎమ్మెస్సీ ప్రాజెక్టు నివేదికలో ఫలితంగా రాయవచ్చా అనీ విజయనగరం నుంచి అడిగారు. రాయవద్దని నా సలహా. శ్రీకాకుళంలో ఉంటూ కొన్నేళ్లపాటు ఈ పంట జన్యుక్రమంతోనే పనిచేశాను. మీకు వచ్చిన లాంటి అంకెనే మొదట నేనూ చూసి, చోడిలో పునరావృతాలు తక్కువని నమ్మాను.

ఆ శాతం చోడి గురించి చెప్పేది తక్కువ, మీరు వాడిన లైబ్రరీ గురించి చెప్పేది ఎక్కువ. రిపీట్‌మాస్కర్ కొత్త పునరావృత కుటుంబాలను, అంటే ఒకే మూలం నుంచి వచ్చిన ప్రతుల గుంపులను, కనిపెట్టదు. మనం చేతికిచ్చిన నమూనాలను పోలిన ముక్కలు ఎక్కడెక్కడ ఉన్నాయో వెతికి గుర్తు పెడుతుంది. జన్యువులో మార్పు వస్తే మొక్కకు నష్టం కాబట్టి వరి జన్యువుకూ చోడి జన్యువుకూ పోలిక నిలిచి ఉంటుంది. ట్రాన్స్‌పోజాన్ (జీనోమ్‌లో చోటు మారుతూ, ప్రతులు పెంచుకునే డీఎన్‌ఏ ముక్క) ప్రతులలో అధిక భాగానికి ఆ రక్షణ లేదు. అవి త్వరగా మారిపోతాయి, తెగిపోతాయి, వాటి చోట కొత్తవి పుట్టుకొస్తాయి. రెండూ గడ్డి కుటుంబానివే అయినా వరి, చోడి వేర్వేరు ఉపకుటుంబాలకు చెందినవి కనుక, వరి నమూనాలతో చోడిలోని రెట్రోట్రాన్స్‌పోజాన్లలో (ఆర్‌ఎన్‌ఏ ద్వారా తమ నకలును కొత్త చోట చేర్చుకునే ట్రాన్స్‌పోజాన్లలో) చాలా భాగం పట్టుబడదు. 2017లో వెలువడిన ఎంఎల్-365 అనే చోడి రకపు ముసాయిదా జన్యుక్రమంలోనే దాదాపు సగం పునరావృత డీఎన్‌ఏ అని తేలింది.

కాబట్టి ముందుగా, కుటుంబాలను కొత్తగా కనిపెట్టే ప్రోగ్రాములైన రిపీట్‌మోడలర్‌తో గానీ ఈడీటీఏతో గానీ చోడి జన్యుక్రమం నుంచే లైబ్రరీని తయారు చేసుకోండి. దీనికి రోజులు పడుతుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటి జిల్లా అంతటా కరెంటు పోయినప్పుడు నా రిపీట్‌మోడలర్ పని మధ్యలో ఆగిపోయింది. ఆగిన చోటు నుంచి కొనసాగించే సదుపాయం అందులోనే ఉందని తెలియక మళ్లీ మొదటి నుంచి నడిపాను. మీరు ఆ పొరపాటు చేయకండి.

అంతకన్నా పెద్ద పొరపాటు ఆ తరువాత చేశాను. అగ్గి తెగులును తట్టుకునే జన్యువుల కోసం వెతకడమే నా పని. రోగ నిరోధక జన్యువులు ఒకదాన్నొకటి పోలి, పక్కపక్కనే గుంపులుగా ఉంటాయి కనుక, ప్రోగ్రాము వాటిని కూడా పునరావృతాలుగా ఎంచి "గుర్తు తెలియనివి" అనే వర్గంలో లైబ్రరీలో చేర్చింది. ఆ లైబ్రరీతో మాస్క్ చేసినప్పుడు, అంటే పునరావృతాలను కప్పేసినప్పుడు, ఆ డీఎన్‌ఏ అక్షరాల స్థానంలో "ఏదో తెలియదు" అని సూచించే ఎన్‌లు వచ్చాయి, అంటే నేను వెతకవలసిన జన్యువులనే నా చేతులతో చెరిపేశాను. రెండు నెలల తరువాత గాని అది తెలియలేదు. అప్పటి నుంచి లైబ్రరీలోని ప్రతి నమూనానూ, ట్రాన్స్‌పోజాన్ ప్రోటీన్లను తీసివేసిన మొక్కల ప్రోటీన్ల జాబితాతో బ్లాస్ట్‌ఎక్స్ (డీఎన్‌ఏను ప్రోటీన్‌గా అనువదించి పోల్చే ప్రోగ్రాము) ద్వారా పోల్చి, జన్యువుగా తేలినదాన్ని తొలగిస్తున్నాను. మాస్క్ చేసేటప్పుడు ఎన్‌లు పెట్టకుండా చిన్న (ఇంగ్లిష్ లోయర్‌కేస్) అక్షరాలుగా మార్చడమే మేలు, ఎందుకంటే అప్పుడు సమాచారం పోదు.

ఆ తరువాతి పని కంటితో చేయాలి, దీనికి దగ్గరి దారి లేదు. ఎక్కువ చోటు ఆక్రమించిన ఓ ఇరవై కుటుంబాలను ఎంచుకోండి. ఒక్కొక్క కుటుంబానికి జీనోమ్‌లోని ప్రతులను, రెండు పక్కలా వెయ్యి అక్షరాల చొప్పున అదనంగా కలుపుకొని బయటికి తీసి, మాఫ్ట్ ప్రోగ్రాముతో వరుసపరచండి. ప్రతుల మధ్య పోలిక ఒక్కసారిగా తెగిపోయే చోటే ఆ మూలకం (ట్రాన్స్‌పోజాన్) అంచు. ఎల్‌టీఆర్ రెట్రోట్రాన్స్‌పోజాన్ అయితే రెండు చివర్లలో ఒకేలాంటి పొడవైన భాగాలు (ఇవే ఎల్‌టీఆర్‌లు), అవి సాధారణంగా టీజీతో మొదలై సీఏతో ముగియడం, బయట రెండు వైపులా ఐదేసి అక్షరాల నకలు కనిపిస్తాయి. బయటికి తీసిన ముక్కల చివర్ల దాకా పోలిక ఇంకా సాగుతూనే ఉంటే, మీ చేతిలో ఉన్నది మూలకంలో ఒక ముక్క మాత్రమే.

మూలకం జీనోమ్‌లో చొప్పించబడిన నాడు ఆ రెండు ఎల్‌టీఆర్‌లు ఒకటే కనుక, వాటి మధ్య ఇప్పుడున్న తేడా నుంచి వయసు లెక్కించవచ్చు. వరి విషయంలో వాడుకలో ఉన్న రేటు, ఏడాదికి ఒక్కో స్థానంలో 1.3 × 10⁻⁸ మార్పులు, తీసుకుంటే, రెండు ఎల్‌టీఆర్‌లూ విడివిడిగా మారతాయి కనుక, 2.6 శాతం తేడా సుమారు 10 లక్షల ఏళ్లకు సమానం. చోడికి అరువు తెచ్చుకున్న రేటు ఇది. నివేదికలో ఆ మాట తప్పక రాయండి.

ఒక సంగతి సరిచూసుకోండి: మీ అసెంబ్లీ (ముక్కలను కలిపి కట్టిన జన్యుక్రమం) చిన్న రీడ్లతో (యంత్రం ఒక్కోసారి చదివిన డీఎన్‌ఏ ముక్కలతో) కట్టినదైతే, ఒకేలా ఉన్న ప్రతులు ఒకదానిలో ఒకటి కలిసిపోయి ఉంటాయి. ఎంత మంచి లైబ్రరీ ఇచ్చినా అసెంబ్లీలో లేనిదాన్ని అది లెక్కించలేదు. పొడవైన రీడ్లతో కట్టిన అసెంబ్లీ దొరికితే దానితోనే మొదలుపెట్టండి. చివరకు ఏ శాతం వచ్చినా, ఏ అసెంబ్లీపై, ఏ లైబ్రరీతో, ప్రోగ్రాము ఏ వెర్షన్‌తో వచ్చిందో అదే వాక్యంలో రాయండి. 11 శాతాన్ని కూడా వరి లైబ్రరీతో వచ్చిన అంకెగా పక్కనే ఉంచండి.