తుప్పు పట్టిన పాత ఉలి కొనొచ్చా?

కొనొచ్చు, కాకపోతే తుప్పు పైపైనే ఉండాలి. ఉలి చదునైన వైపు, పదునుకు దగ్గర్లో గుంటలు పడి ఉంటే మాత్రం వదిలేయండి.

పదును అంటే రెండు తలాలు కలిసే గీత. ఏటవాలు వైపు సానపెట్టిన ప్రతిసారీ అరిగి కొత్తదవుతుంది కాబట్టి అక్కడి గుంటలు వాటంతటవే పోతాయి. చదునైన వైపు అలా కాదు. అక్కడ గుంట ఉంటే, పదును దాన్ని చేరినచోట నొక్కు పడి చెక్క మీద గీత మిగులుతుంది. ఉదాహరణకు 25 మి.మీ. ఉలికి గుంటలు అంచు నుంచి 4 సెం.మీ. పైన ఉంటే ఏళ్ల తరబడి ఇబ్బంది లేదు, 5 మి.మీ.లోనే ఉంటే మొత్తం రుద్ది తీయాల్సిందే, అంత శ్రమకు కొత్తదే నయం. పైతుప్పుకైతే ఒక రాత్రి వెనిగర్‌లో నానబెట్టి, వంటసోడా నీళ్లతో కడిగి, ఆరాక నూనె రాస్తే చాలు.

మెరిసేదే మంచిదనుకోవడం పొరపాటు. గ్రైండర్ మీద మెరుగుపెట్టేటప్పుడు సుమారు 300 డిగ్రీలకు వేడెక్కితే ఉక్కు నీలంగా మారి మెత్తబడుతుంది. ఆ నీలాన్ని పాలిష్‌తో చెరిపేయొచ్చు కూడా. అందుకే అమ్మేవాళ్లను అడిగి, అంచు దగ్గర సన్న ఆకురాయితో ఒకసారి గీయండి: జారిపోతే ఉక్కు గట్టిది, సులువుగా కొరికితే మెత్తబడింది.