డిస్క్ బల్జ్ అని వచ్చింది, ఆపరేషన్ తప్పదా?

నడుము నుంచి పిర్ర మీదుగా పిక్క దాకా లాగేస్తోందని, ఎంఆర్ఐలో ఎల్4-ఎల్5 (నడుములోని నాలుగు, ఐదో వెన్నుపూసలు) దగ్గర డిస్క్ బల్జ్, అంటే పూసల మధ్య మెత్తలా ఉండే డిస్క్ ఉబ్బింది అని వచ్చిందని, ఇంట్లో వాళ్లు మంచం దిగొద్దంటున్నారని రాశారు. ముందు ఆ టెన్షన్ తగ్గించుకోండి. నాకూ ఎడమ కాలికి ఇదే వచ్చింది, ఆపరేషన్ లేకుండానే తగ్గింది.

నడుము కింది భాగంలో వెన్ను నుంచి బయటికొచ్చే నరాల వేర్లు కలిసి కాల్లోకి దిగే సయాటిక్ నరం అవుతుంది. డిస్క్ ఉబ్బి ఆ వేరును ఒత్తితే నొప్పి కాల్లో తెలుస్తుంది. అందుకే పిక్కకు ఎంత తైలం రాసినా పెద్దగా ఫలితం ఉండదు. ఏ నొప్పీ లేనివాళ్లకు స్కాన్ తీసినా చాలామందిలో బల్జ్ కనిపిస్తుంది కాబట్టి రిపోర్టు ఒక్కటే చూసి బెంబేలెత్తకండి. ఎక్కువమందికి 6 నుంచి 12 వారాల్లో బాగా తగ్గుముఖం పడుతుంది.

నాకు బాగా పనికొచ్చింది ఫిజియోథెరపిస్టు నేర్పిన ఒక గుర్తు. బోర్లా పడుకోబెట్టి, మోచేతుల మీద ఛాతీ లేపించి, "ఇప్పుడు నొప్పి ఎక్కడిదాకా ఉంది?" అని ప్రతిసారీ అడిగేవారు. మడమ దాకా ఉన్నది మోకాలి దగ్గర ఆగింది, తర్వాత తొడ దగ్గర. నడుములో మాత్రం కాస్త పెరిగింది. నేను కంగారుపడితే, నొప్పి కాలి నుంచి నడుము వైపు వెనక్కి వస్తుంటే మంచిదేనన్నారు. కిందికి పాకుతుంటే ఆ వ్యాయామం ఆపేయాలి. ఇది అందరికీ పడదు, ఒకసారి చూపించుకునే మొదలుపెట్టండి.

పూర్తిగా మంచానికే అతుక్కుపోవద్దు. ఇంట్లోనే అయినా కాసేపు నడవండి. ఎక్కువసేపు కూర్చోవడం, వంగి నీళ్ల బకెట్ ఎత్తడం మానండి. నడుము తొక్కించుకోవడం, నాటు వైద్యుడితో విరిపించుకోవడం మాత్రం దయచేసి వద్దు. నొప్పి బిళ్లలు సొంతంగా రోజుల తరబడి వేసుకుంటే కడుపుకీ కిడ్నీలకీ చేటు.

మూత్రం ఆగిపోయినా, అదుపు తప్పినా, మలద్వారం చుట్టూ స్పర్శ తగ్గినా, రెండు కాళ్లూ బలహీనపడినా తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి. పాదం పైకి లేవక చెప్పు జారిపోతున్నా వాయిదా వేయకండి.

డాక్టరు దగ్గరికెళ్లేలోపు తిమ్మిరి బొటనవేలి వైపు ఉందా, చిటికెన వేలి వైపా అని గమనించండి. ఏ నరం నొక్కుకుంటోందో దాన్నిబట్టి అంచనా వేస్తారు.