క్వయర్ పర్యటన ముగిసే ఆదివారం: పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

ప్రశ్న: వందనాలు. మా సంఘ క్వయర్‌లో 24 మందిమి ఉన్నాం. శ్రీకాకుళం, విజయనగరం, అనకాపల్లి, తుని సంఘాలలో వరుసగా నాలుగు సాయంత్రాలు పాడి, ఐదవ రోజైన ఆదివారం విశాఖపట్నంలో మా సొంత మందిరంలో ముగింపు కచేరీ పెట్టుకున్నాం. ఆ ఉదయం ఆరాధనలోనూ మేమే పాడాలి. కిందటి పర్యటనలో చివరి రోజుకు సొప్రానోలు (అన్నిటికన్నా పైవరుస పాడేవారు) పైస్థాయి అందుకోలేకపోయారు. వాద్యం లేకుండా ఎత్తుకున్న పాటలో శ్రుతి జారిపోయిన సంగతి, చివరి చరణానికి కీబోర్డు కలిసేసరికి అందరికీ తెలిసిపోయింది. ఈసారి ముగింపు ఘనంగా ఉండాలని, ఆ రోజుకు ఒక పెద్ద కొత్త పాట చేర్చమని పెద్దలు అంటున్నారు. ఏం చేయమంటారు?
– క్వయర్ కార్యదర్శి, మర్రిపాలెం

సమాధానం: కొత్త పాట వద్దని పెద్దలకు మర్యాదగానే, కానీ స్పష్టంగా చెప్పండి. నాలుగు సాయంత్రాలు పాడిన గొంతుకు ఐదవ రోజున తెలిసిన పాటే బరువవుతుంది. ఇంకా నోటికి పట్టని పాటను ఆ రోజున ఎత్తుకుంటే గాయకులు భయంతో బిగుసుకుపోతారు, బిగుసుకున్న గొంతు మరింత త్వరగా అలసిపోతుంది. మీ సొంత సంఘం మీతో కలిసి నోరారా పాడితే ఆ సాయంత్రానికి అంతకు మించిన ఘనత లేదని నా నమ్మకం. కనుక ముగింపు కచేరీని మిగిలిన నాలుగింటికన్నా చిన్నదిగా, గంటా పదిహేను నిమిషాలకు మించకుండా, సంఘం పాడే భాగం ఎక్కువగా ఉండేటట్లు కూర్చుకోండి.

గొంతు చెడడం ఆదివారం నాడు మొదలయ్యేది కాదు. స్వరతంత్రులు మామూలు మాటలో ఆడవారికి సెకనుకు సుమారు 200 సార్లు, మగవారికి 100 నుంచి 130 సార్లు కంపిస్తాయి. సొప్రానో పైస్థాయి ‘ఎ’ స్వరాన్ని అందుకున్నప్పుడు ఆ సంఖ్య 880. రోజుల తరబడి ఇంత తాకిడికి గురైన తంత్రులు కొద్దిగా వాచి, బరువెక్కి, సన్నని పైస్వరాలకు లొంగవు. దానికి తోడు ఒంటి అలసట వల్ల ఊపిరి మీద పట్టు సడలుతుంది, శ్రుతి కిందికి జారుతుంది. మీ సొప్రానోలకు జరిగింది ఇదే. అందులో వారి అశ్రద్ధ ఏమీ లేదు.

అందుకే శనివారం రాత్రి ప్రయాణం గురించి ముందుగా ఆలోచించండి. తుని నుంచి విశాఖకు జాతీయ రహదారి మీద సుమారు 100 కిలోమీటర్లు. చుట్టూ మోత ఉన్నప్పుడు మనిషి తనకు తెలియకుండానే గొంతు పెంచి మాట్లాడతాడని ఎతియెన్ లొంబార్ అనే ఫ్రెంచి వైద్యుడు 1911లోనే చెప్పాడు. బస్సులో కబుర్లు, అంత్యాక్షరి సాగితే కచేరీకన్నా అదే ఎక్కువ హాని చేస్తుంది. గుసగుసలు కూడా విశ్రాంతి కావు, వాటికీ గొంతు బిగుస్తుంది. ఆ ప్రయాణమంతా మౌనంగా, వీలైతే నిద్రలో గడవాలని బస్సు ఎక్కక ముందే చెప్పండి. ఇక నీళ్ల సంగతి: తాగిన నీరు స్వరతంత్రులను నేరుగా తాకదు, ఒంట్లో చేరిన తరువాతే వాటికి అందుతుంది, వేదిక ఎక్కబోతూ సీసా ఖాళీ చేయడం కన్నా శనివారం నుంచే కొద్దికొద్దిగా తాగుతూ ఉండడం మేలు. ఆవిరి మాత్రం నేరుగా తాకుతుంది కనుక ఆదివారం మధ్యాహ్నం పది నిమిషాలు ఆవిరి పట్టించండి. మన ఊరి సముద్రపు గాలిలో తేమకు కొదవ లేదు, గాయకులకు అది మంచిదే. ఏసీ గదిలో మధ్యాహ్నమంతా కూర్చుంటే ఆ మేలు పోతుంది.

ఉదయం ఆరాధనలో క్వయర్ ప్రత్యేక గీతం వద్దని పాస్టర్ గారిని అడగండి. గాయకులు ఆ పూట తమ కుటుంబాలతో కూర్చొని, అందరితో పాటు మెల్లగా పాడితే చాలు. నాలుగు రోజులుగా ఇంటికి దూరంగా ఉన్నవారికి అది గొంతుకే కాక మనసుకు కూడా విశ్రాంతి.

సాయంత్రం క్రమంలో వాద్యం లేని పాటను మొదటి రెండు మూడు పాటలలోనే, గొంతు తాజాగా ఉండగానే ముగించండి. ఆ పాటలోనే మళ్లీ కీబోర్డును కలపవద్దు. సొప్రానోలకు మరీ ఎత్తుగా ఉన్న పాటలను ఒక స్వరం దించండి, డి మేజరులో ఉన్నదాన్ని సి మేజరులో పాడించండి. అన్నిటికన్నా కిందివరుస పాడే బాస్ గాయకులకు అడుగు అందుతుందో లేదో మాత్రం ముందే చూసుకోవాలి. మరొకటి, దీన్ని మీరు గట్టిగా పట్టుబట్టి సాధించాలి: సన్మానాలు, శాలువాలు, జ్ఞాపికలు పాటల మధ్యలో పెట్టనివ్వకండి. అవి సాగినంతసేపూ గాయకులు వేదిక మీద నిలబడి ఉంటారు, కాళ్లతో పాటు గొంతూ చల్లబడిపోతుంది. అవన్నీ ఆఖరి పాట తరువాత, గాయకులు కూర్చున్నాక జరపండి. కచేరీ మందిరం ఆవరణలో, ఆరుబయట అయితే రాత్రి 10 గంటల నుంచి ఉదయం 6 వరకు లౌడ్‌స్పీకర్లు వాడరాదని 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు చెబుతున్నాయి. ఆరు గంటలకు మొదలుపెడితే ఆ బెంగ ఉండదు, భీమిలి, పెందుర్తి వైపు నుంచి వచ్చినవారు కూడా వేళకు ఇల్లు చేరతారు.

సంఘంతో పాడించే ఆఖరి పాటలకు తెలుగు కీర్తనలనే ఎంచుకోండి. లండన్ మిషనరీ సొసైటీ తరఫున జార్జ్ క్రాన్, ఆగస్టస్ డెస్ గ్రాంజస్ 1805లో వచ్చి, సువార్తలను తెలుగు చేసే పనికి పూనుకున్నది ఈ విశాఖపట్నంలోనే. ఆ శతాబ్దంలోనే పురుషోత్తమ చౌదరి (1803–1890) వంటివారు రాగతాళాలలో కట్టిన కీర్తనలు మన అమ్మమ్మలకు పుస్తకం అక్కరలేకుండా వచ్చు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో కీర్తన పైన రాగం, తాళం అచ్చు వేసి ఉన్నా, చాలా క్వయర్లు ఆ గీతను చూడకుండానే నాలుగు పార్టులు (ఒకేసారి పాడే వేర్వేరు స్వర వరుసలు) అల్లేస్తున్నాయి, ఇది నాకు బాధ కలిగించే విషయం. ఉదాహరణకు మాయామాళవగౌళ రాగంలో ఉన్నది శుద్ధ రిషభం, అంటే చిన్న ‘రి’. కీబోర్డు వాయించే తమ్ముడు అలవాటుగా పంచమం (‘ప’) మీద మేజర్ కార్డు (మూడు స్వరాల కలయిక) వేశాడంటే, ఆ కార్డులో చతుశ్రుతి రిషభం, అంటే దానికన్నా పైనున్న ‘రి’, దూరుతుంది, రాగం అక్కడితో చెడుతుంది. అటువంటి కీర్తనను తంబుర శ్రుతి, తబలా మాత్రమే పెట్టుకొని అందరూ ఒకే వరుసలో పాడండి. ఆ రోజున మీకు కలిసివచ్చేది కూడా అదే: పార్టుల భారం ఉండదు, పల్లవిని సంఘం అందుకుంటుంది, అలసిన సొప్రానో ఒక చరణం మౌనంగా ఉన్నా ఎవరికీ లోటు తెలియదు.

ఆశీర్వచనం అయిన తరువాత ఐదు నిమిషాలు కేటాయించి, సన్నని స్ట్రా గుండా మెల్లగా ‘ఊ’ అంటూ పైనుంచి కిందికి స్వరాన్ని జార్చమనండి. అమెరికన్ స్వరశాస్త్రవేత్త ఇంగో టిట్జీ ప్రచారం చేసిన ఈ సాధన వాడిన గొంతుకు ఊరటనిస్తుంది. ఎవరికైనా బొంగురు రెండు మూడు వారాలు దాటినా తగ్గకపోతే వైద్యునికి చూపించాలి. విశాఖలో చెవి, ముక్కు, గొంతుకు ప్రభుత్వ ఆసుపత్రి ప్రత్యేకంగానే ఉంది.

ప్రశ్న: పర్యటన చివరి రోజున కానుక పడతాం. ఇతరులు రాసిన కొత్త పాటలు ఆ కచేరీలో పాడితే అనుమతి తీసుకోవాలా? వీడియో పెడితే?
– యువజన సభ్యుడు, గాజువాక

సమాధానం: 1957 కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ ప్రకారం, వృత్తి గాయకులు కాని బృందం రుసుము లేకుండా పాడినా, మతసంస్థ ప్రయోజనం కోసం పాడినా అది హక్కుల ఉల్లంఘన కాదు. నిజమైన మతాచారంలో భాగంగా పాడినదానికీ ఇదే వర్తిస్తుంది. మీ కానుక సంఘానికే చెందితే కచేరీకి అడ్డు లేదు. వీడియో తీసి నెట్‌లో ఉంచడం వేరే పని, దానికి ఈ వెసులుబాటు ఉందనుకోవద్దు. రచయితను అడిగి రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. రచయిత మరణించి 60 సంవత్సరాలు దాటిన కీర్తనలకు ఆ అవసరం లేదు. రచయిత పేరు కచేరీ పత్రంలో వేయడం మాత్రం అన్నిటికీ తప్పనిసరి అని భావించండి.

ప్రశ్న: మా అబ్బాయికి 13 ఏళ్లు. క్వయర్‌లో సొప్రానో పాడతాడు. ముగింపు కచేరీలో వాడి సోలో ఉంది. రెండు వారాలుగా గొంతు పగులుతోంది. మానేయమంటే ఏడుస్తున్నాడు, పాడిస్తే నలుగురిలో నవ్వులపాలవుతాడేమోనని నాకు భయం.
– ఒక తల్లి, పెదవాల్తేరు

సమాధానం: అమ్మా, అది జబ్బు కాదు. ఈ వయసులో మగపిల్లల స్వరపేటిక పెరిగి, తంత్రులు పొడవై మందమవుతాయి, గొంతు దాదాపు ఒక స్థాయి కిందికి దిగుతుంది. ఆడపిల్లల్లో ఈ మార్పు చాలా తక్కువ. పెరుగుతున్న అవయవం మీద పట్టు ఇంకా కుదరక గొంతు పగులుతుంది, అంతే. పాత ఎత్తులోనే పాడమని ఒత్తిడి చేయడం మాత్రం హానికరం. మిగిలిన నాలుగు రోజులూ వాడు సొప్రానోలతో కలిసి అరిచి పాడి ఉంటే ఆదివారానికి ఏమీ మిగలదు.

క్వయర్ మాస్టరు గారితో మీరే ముందుగా, అబ్బాయి వినేటట్లు మాట్లాడండి. సోలో చరణాన్ని ఇద్దరు ముగ్గురు పిల్లలతో కలిపి, వాడికి ఇప్పుడు హాయిగా పలికే ఐదారు స్వరాల పరిధికి దించి పాడించవచ్చు. లేదా ఆ చరణానికి ముందు చదివే కీర్తన వాక్యాన్ని వాడి చేత చదివించవచ్చు. ఏది చేసినా ఆదివారం ఉదయం చెప్పకండి, పర్యటన మొదలవక ముందే చెప్పి, వాడి పేరు కచేరీ పత్రంలో ఉండేటట్లు చూడండి. ఆ తరువాతి నెలల్లో క్వయర్ నుంచి తప్పించవద్దు; వారం వారం ప్రాక్టీసుకు వెళ్లి, అందినంత మేరకే మెల్లగా పాడనివ్వండి. గొంతు నిలకడకు కొన్ని నెలలు పట్టవచ్చు, ఒక్కొక్కరికి ఏడాది దాటవచ్చు. అప్పుడు పరిధి చూసి మగవారి వరుసలైన టెనర్‌కో బాస్‌కో మాస్టరు గారే మారుస్తారు.